గోడవైపు తిరిగిన మొక్కలు

"పది నిమిషాలు. అంతే." సి.ఐ. జయరాం గడియారం చూపించాడు. "ఇప్పుడు ఒంటి గంటా నలభై. యాభైకల్లా నువ్వు బయట ఉండాలి. ఐదింటికి వాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆ తర్వాత నీ దారి నీది, నా దారి నాది."

ఆరేళ్ల కిందట ఇదే జయరాం ఎస్.ఐ.గా ఉన్నప్పుడు మల్లేశ్వరి అతని కింద హెడ్ కానిస్టేబుల్. దొంగల్ని పట్టేది ఆమె, పేపర్లో ఫోటో పడేది అతనిది. విసిగిపోయి ఉద్యోగం వదిలేసి యెమ్మిగనూరులో బట్టల అంగడి మీద ఒక గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకుంది. పెళ్లికొడుకు తాగుతాడా, పెళ్లికూతురు చదివిందా అని వాకబు చేసిపెట్టడమే ఎక్కువగా పని. ఈరోజు మాత్రం జొహరాబీ అనే ఒక తల్లి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, మెట్ల మీద కూలబడి, "నా కొడుకు చీమను కూడా తొక్కడక్కా, వాణ్ణి హంతకుడంటాండారు" అని ఏడ్చింది. ఆ ఏడుపే ఆమెను ఆదోని దాకా లాక్కొచ్చింది.

కేసు చూస్తే పోలీసుల వైపే తూగుతోంది. సిద్దప్ప అనే అరవై రెండేళ్ల పెద్దమనిషి, ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లు నడిపి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాడు, మాయమయ్యాడు. ఉగాదికి సెలవు పెట్టిన వంటమనిషి తిమ్మక్క మంగళవారం పొద్దున ఏడింటికి వచ్చి చూస్తే హాల్లో ఎండిన నెత్తురు ఉంది, సారు లేడు. ఆ ఇంటికి చివరగా వెళ్లింది చేపల తొట్లు బాగుచేసే ఉమేర్. శనివారం సాయంత్రం సారూ వాడూ గట్టిగా అరుచుకున్నారని తిమ్మక్కే చెప్పింది. పైగా వాడు అంతకు ముందు వారమే మందుల అంగట్లో నాలుగు సీసాల పెరాక్సైడు కొన్నాడు. ఇంకేం కావాలి? చంపాడు, మరకలు కడిగాడు, శవాన్ని ఆటోలో వేసుకుపోయి కాలువలో పారేశాడు. జయరాం లెక్క అది.

లోపల ఉమేర్ గోడకానుకుని నేల మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అక్కా, ఈ పొద్దు బుధవారమే కదా? టైమెంత?"

"ఒకటీ నలభై రెండు."

"అయితే ఇంకా నాలుగు గంటలా పద్దెనిమిది నిమిషాలు ఉండాది."

"కోర్టు ఐదింటికప్పా. నీకు ఆరింటికని ఎవురు సెప్పినారు?"

"కోర్టు సంగతి కాదక్కా. ఆరింటికి తొట్టి మీద దుప్పటి తీయల్ల. తీసి సగం నీళ్లు మార్సల్ల. లేకపోతే చచ్చిన పాచి కుళ్లి చేపలు సచ్చిపోతాయి. నువ్వైనా ఎవురినైనా పంపియ్యక్కా, నీకు పుణ్యముంటాది."

పదిహేడేళ్ల పోలీసు ఉద్యోగంలో మల్లేశ్వరి లాకప్పులో కూర్చుని భార్యకోసం ఏడ్చినవాళ్లను చూసింది, బీడీకోసం ఏడ్చినవాళ్లను చూసింది. చేపలకోసం బతిమాలినవాణ్ణి చూడలేదు.

"మొదట్నుంచి సెప్పు," అంది, ఆమె కూడా నేల మీదే కూర్చుని. "పాచి ఏంది? దుప్పటి ఏంది?"

"సిద్దప్ప సారుది ఐదడుగుల తొట్టి. లోపలంతా నిజం మొక్కలే. రెండు నెలల్నుంచి పాచి పట్టింది. ఆయప్ప చేపలు కనపడల్లని లైటు తెల్లారేది మొదలు రాత్రి పదింటిదాకా ఏసిపెడతాడు. అంత లైటేస్తే మొక్కల కన్నా ముందు పాచే పెరుగుతాది కదక్కా. ఎన్నిసార్లు సెప్పినా వినలే. మొక్కలకు జుట్టు మాదిరి పట్టుకుండె. మొదట సిరంజితో పెరాక్సైడు కొట్టినా, పాచి మీద పడేటట్టు. నాలుగు సీసాలు దానికే కొన్న్యా. రెండు వాడినా, రెండు అంగట్లో అట్లనే ఉండాయి. దానికీ పోలే. ఇంక చీకటే మందు అని సెప్పినా."

"చీకటా?"

"అవు. నాలుగు దినాలు తొట్టిని మూసేస్తే పాచి ఆకలికి సస్తాది. మొక్కలు మొండివి, తట్టుకుంటాయి. చేపలకు ఆ నాలుగు దినాలు మేత ఎయ్యగూడదు. దానికే ఆయప్ప అరిసింది. 'నాకు బువ్వ పెట్టకపోయినా ఊరుకుంటా, వాటికి పెట్టకపోతే ఊరుకోను' అన్న్యాడు. మళ్ల ఆయనే నవ్వి టీ తాపిచ్చినాడు. ఆదివారం ఉగాది, సోమవారం మాకు రంజాన్. ఎట్లా నేను రాలేను కదాని అప్పటికప్పుడు అనుకోని శనివారం ఆరింటికి కప్పేసినా. బుధవారం ఆరింటికి నేనే వచ్చి తీస్తానని సెప్పినా. అప్పటికి తిమ్మక్క ఇంటికి పోయింది. ఈ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవురికీ తెల్దు."

"అన్ని పక్కలా కప్పినావా?"

"ముందరా, రెండు పక్కలా, పైనా. వెనక కప్పలే. ఆ తొట్టి వెనకద్దం గోడకు కొట్టిన కన్నానికి ఆనుకోని ఉంటాది. ఆ పక్క గదిలో ఆయన భార్య మంచం పట్టి ఉండె. పండుకోనే చేపల్ని సూసుకోల్లని గోడ పగలగొట్టి కట్టిచ్చినాడు. ఆయమ్మ పోయి మూడేండ్లు. గదికి తాళం. కిటికీకి పలకలు కొట్టినారు. చీకటిగుయ్యారం. ఆ పక్క కప్పే పనేముందక్కా?"

"కప్పకముందు తొట్టి ఎట్లుండేదో నీకు గుర్తుండాదా?"

"ఫోటోనే ఉండాది. ముందొకటి, తీసినాక ఒకటి పెట్టుకుంటా. నా ఫోను పోలీసుల దగ్గరుండాది."

గడియారం ఒకటీ యాభై చూపించింది. తలుపు దగ్గర జయరాం చిటిక వేశాడు.

బయటికి రాగానే మల్లేశ్వరి అడిగింది: "వాడు చేపల సంగతి, మొక్కల సంగతి మీకు సెప్పలేదా సార్?"

"ఏదో వాగాడు. నేను హత్య కేసు రాస్తున్నానమ్మా, చేపల పెంపకం కాదు. పెరాక్సైడుతో నెత్తురు మరకలు పోతాయని ఇంటర్ చదివే పిల్లలకు కూడా తెలుసు."

"నాకూ తెలుసు. నాలుగు సీసాలు కొన్నోడు హాల్లో నెత్తురు అట్లనే వదిలిపెట్టి ఏంటికి పోయినాడో అదే తెలీదు."

జయరాం మొహం కందింది. పక్కనున్న కానిస్టేబుల్ సీమోను దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడితో వాదన పెట్టుకుంటే పొద్దు గూకుతుంది కానీ పని కాదు. ఆమెకది తెలుసు. అందుకే గొంతు తగ్గించింది.

"అరగంట సార్. ఆ ఇల్లు ఒక్కసారి సూస్తా. ఏమీ దొరక్కపోతే నేనే వాళ్ల అమ్మకు సెప్తా, నీ కొడుకు మీద ఆశ పెట్టుకోవద్దని."

"సరే పద. నేనూ వస్తా. సాక్ష్యం తారుమారు చేశావన్న మాట నీకూ వద్దు, నాకూ వద్దు. సీమోనూ, ఆ ఉమేర్ ఫోను కూడా తీసుకో."

రెండూ ముప్పై ఐదుకు జీపు సిద్దప్ప ఇంటి ముందు ఆగింది. తలుపు తీసింది మేనల్లుడు ఈరేష్. మేడ మీది గదిలో ఉంటాడు. నలభై ఏళ్లు, నలిగిన చొక్కా, నుదుటికి పైన గాయం, దాని మీద మందంగా విభూతి. వెనకాల తిమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"తలకేమైందప్పా?"

"పిడకల దెబ్బ మేడం. సోమవారం కైరుప్పలలో."

"ఆసుపత్రికి పోలేదా?"

"పిడకల దెబ్బకు ఆసుపత్రేంది? స్వామి విభూతి పెడితే సాలు. మా ఊర్లో ఎవురినైనా అడుగు."

అందులో అబద్ధం లేదు. ఉగాది మరునాడు కైరుప్పలలో ఊరు ఊరంతా రెండు జట్లయి పిడకలతో కొట్టుకుంటుంది. తలలు పగిలినవాళ్లు విభూతి పెట్టుకుని నవ్వుతూ ఇంటికి పోతారు. వేలమంది మధ్య దెబ్బ తిన్నవాడి మాట కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

"ఈడ్నుంచి ఎప్పుడు పోయినావు?"

"శనివారం మధ్యాన్నం పన్నెండుకు. మామ బువ్వ తింటాండె. సెప్పి పోయినా."

"వచ్చింది?"

"మంగళవారం పొద్దున ఎనిమిదికి. బస్సు దిగేసరికి ఈడ జనం."

"మద్దెలో ఒకసారైనా వచ్చినావా?"

"లే."

"మామకు ఫోన్ చేసినావా? పండగ కదా."

"చేయలే. ఆయప్ప ఎత్తడు."

"ఉమేర్‌ను ఎప్పుడు సూసినావు?"

"వాని మొహం సూసి నెల దాటింది. సూసింటే ఆ పొద్దే రెండు తగిలిస్తాంటి."

జవాబులు తడుముకోకుండా వచ్చాయి. జయరాం 'విన్నావా' అన్నట్టు కనుబొమలెగరేశాడు. మల్లేశ్వరి తలూపి హాల్లోకి నడిచింది. నేల మీద నెత్తురు మరక చుట్టూ సుద్దతో గీత గీసి ఉంది. దానికి నాలుగడుగుల దూరంలో, గోడకానుకుని, పాత గళ్ల దుప్పటి కప్పుకున్న తొట్టి. దాని లైటు తీగ ఊడదీసి, చుట్టచుట్టి పైన పెట్టి ఉంది. గాలి మోటారు ఒక్కటే బుడబుడమంటోంది.

తొట్టికి కుడివైపున, ఆరడుగుల అవతల, మూసిన తలుపు. తుప్పు పట్టిన తాళం.

"ఈ గది చూశారా సార్?"

"చూడ్డానికేముంది? మూడేళ్ల తుప్పు. తాళం కన్నంలో సాలీడు గూడు పెట్టుకుంది."

మల్లేశ్వరి వంగి చూసింది. నిజమే, గూడుంది. ఆ తలుపు ఎవరూ తీయలేదు. నిట్టూర్చి, వెనక్కి వచ్చి దుప్పటి అంచు పట్టుకుంది.

"అది తీయొద్దు మేడం!" ఈరేష్ గబగబా ముందుకొచ్చాడు. "పాచికి మందు చేసినారు. సాయంత్రం ఆరింటిదాకా తీయగూడదు. ముందే తీస్తే అంతా పాడైపోతాది."

మల్లేశ్వరి చెయ్యి అట్లాగే ఆగింది. శనివారం సాయంత్రం అప్పటికప్పుడు అనుకున్న సంగతి. సిద్దప్పకూ ఉమేర్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. పన్నెండింటికి బస్సెక్కినవాడు, మామకు ఫోను చేయనివాడు, ఉమేర్ మొహం నెలగా చూడనివాడు ఆరు గంటలని ఎట్లా చెప్పగలిగాడు?

మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, "అట్లనా? ఆరింటిదాకానా?" అంది.

"అవు. ఈ పొద్దు ఆరింటికి."

"పోనీలే. మూడు గంటలు ముందు తీస్తే కొంపలంటుకోవులే అప్పా. చేపలకు నేను జవాబు సెప్పుకుంటా."

ఈరేష్ పెదవులు తడుపుకున్నాడు. "మీ ఇష్టం. టీ పెట్టమని సెప్పొస్తా," అని వంటింటి వైపు వెళ్లాడు. టీ పెట్టే తిమ్మక్క అక్కడే, హాల్లోనే నిలబడి ఉందని మల్లేశ్వరి గమనించింది. గమనించి కూడా వదిలేసింది. బయట జీపుంది, ఎక్కడికి పోతాడులే అనుకుంది. ఆ పూట ఆమె చేసిన తప్పు అదొక్కటే. దాన్ని తల్చుకుని తర్వాత చాలాసార్లు తల కొట్టుకుంది.

దుప్పటి లాగేసింది.

ముందు అద్దానికి పట్టిన పాచి బూడిదరంగుకు తిరిగి, పొరలు పొరలుగా ఊడి వేలాడుతోంది. ఉమేర్ చెప్పినట్టే చీకటికి చచ్చింది. నాలుగు రోజుల ఆకలితో చేపలు గుంపుగా పైకి వచ్చాయి. మల్లేశ్వరి కళ్లు వాటిని దాటి మొక్కల మీద పడ్డాయి. పడి అక్కడే నిలిచిపోయాయి.

"అయ్యో సామీ!" అంది తిమ్మక్క. "ఏంది మా, ఇవి ఇట్ల తిరుక్కున్న్యాయి?"

తొట్టిలో మొక్క అనేదంతా గోడవైపు వంగి ఉంది. పొడుగు కాడలవి నడుముల దాకా వంగి, ఆకులన్నీ వెనకద్దానికి ఆనించి, హాల్లో ఉన్నవాళ్లకు వీపు చూపిస్తున్నాయి. ఒక్కటంటే ఒక్కటి ఇటు తిరిగి లేదు.

మల్లేశ్వరి సీమోను చేతిలోంచి ఉమేర్ ఫోను తీసుకుంది. శనివారం, ఐదూ యాభై రెండుకు తీసిన ఫోటో. అందులో మొక్కలు నిటారుగా, పైనున్న లైటు వైపు నిలబడి ఉన్నాయి. ఒంటినిండా పాచే కానీ ఒక్కటీ వంగలేదు.

"చూడండి సార్. శనివారం ఇట్లున్నాయి. ఇప్పుడు ఇట్ల."

"అయితే? నీళ్లు కదిలి ఉంటాయి, వంగి ఉంటాయి. మొక్కలకు దిక్కులు తెలుసా ఏంటి?"

"పొద్దుతిరుగుడు చేను ఎప్పుడూ సూడలేదా సార్ మీరు? వెలుతురు యాడుంటే మొక్క ఆడికి తిరుగుతాది. దానికి ఇంగో విద్య రాదు." ఆమె తొట్టి పక్కకు చేరి చెంప గోడకానించి లోపలికి చూసింది. ముందు అద్దం మీద బూడిదైన పాచి వెనకద్దం మీద మాత్రం పచ్చగా, నిగనిగలాడుతూ, సన్న సన్న బుడగలు వదులుతూ ఉంది. "తొట్టంతా పాచి సచ్చింది. ఆ ఒక్క అద్దం మీద బతికుండాది. నాలుగు దినాలు దానికి తిండి పెట్టిందెవరు?"

"దుప్పటి సందుల్లోంచి వెలుతురు పడి ఉంటుంది."

మల్లేశ్వరి దుప్పటిని రెండు చేతులా ఎత్తి, కిటికీలోంచి పడుతున్న ఎండకు అడ్డం పట్టింది. ఆమె తండ్రి యెమ్మిగనూరులో మగ్గం నేసినవాడు. ప్రతి దుప్పటినీ కోసేముందు ఎండకు ఇట్లాగే పట్టి, సూదిమొన అంత వెలుగు కనపడినా తల కొట్టుకునేవాడు.

"ఇది మా ఊరి నేత సార్. ఒంటి పొరే ఇట్లుండాది, ఉమేర్ రెండు మడతలేసి కప్పినాడు. యాడన్నా ఒక్క చుక్క వెలుగు కనపడుతుందేమో మీరే సూడండి."

జయరాం చూశాడు. కనపడలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"హాలు కిటికీలు మూయండి," అంది మల్లేశ్వరి. "తలుపు కూడా."

సీమోను పరుగున మూశాడు. హాలు చీకటైంది. ముందు ఏమీ కనపడలేదు. కళ్లు అలవాటు పడ్డాక, తొట్టి వెనక అద్దమంతా పచ్చగా, మసగ్గా, లోపలినుంచి వెలుగుతూ కనిపించింది. మూడేళ్లుగా తాళం వేసిన గదిలో దీపం వెలుగుతోంది.

తిమ్మక్క సీమోను చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పాత బల్బు," అన్నాడు జయరాం. గొంతులో బింకం ఉంది కానీ బలం లేదు. "ఎవరో ఎప్పుడో ఆర్పడం మరిచిపోయి ఉంటారు."

"ఎప్పుడో మరిచిపోయి ఉంటే మొక్కలు ఎప్పుడో వంగుండాల్ల. శనివారం ఆరింటి తర్వాత వెలిగిన దీపం సార్ ఇది."

ఆమె గాజుల చేతిని ముడిచి తొట్టి అద్దం మీద నిదానంగా మూడుసార్లు కొట్టింది. టక్. టక్. టక్. చేపలు చెదిరిపోయాయి.

పచ్చ వెలుగు ఆరిపోయింది.

వెలిగింది. ఆరింది. వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

మూడుసార్లు.

మల్లేశ్వరి తొట్టి అంచు గట్టిగా పట్టుకుంది. నిన్న పొద్దుటి నుంచి పోలీసులు ఈ హాల్లో నిలబడి సుద్దతో గీతలు గీశారు, ఫోటోలు తీశారు, వాంగ్మూలాలు రాసుకున్నారు. ఆ మనిషి మూడడుగుల అవతల, ఒక దుప్పటి వెనక, వింటూ పడి ఉన్నాడు.

"దేవుడా," అన్నాడు జయరాం. "బతికే ఉన్నాడు."

అప్పుడు ఆ పచ్చ వెలుగులో ఒక నీడ కదిలింది. నిలువెత్తు నీడ. అది ఒక్కసారి పక్కకు వంగింది. దీపం ఆరిపోయింది. ఈసారి మళ్లీ వెలగలేదు.

"ఈరేష్!" మల్లేశ్వరి కేక పెట్టింది. "టీ అని పోయినోడు యాడ? తిమ్మక్కా, ఆ గదికి ఇంగో వాకిలుందా?"

"పెరట్లో ఉండాది మా! పత్తికట్టె వామి అడ్డముండాది!"

వంటింట్లో పొయ్యి వెలగలేదు, మనిషి లేడు. పెరట్లోకి పరుగెత్తారు. వంటచెరకు కోసం పేర్చిన పత్తికట్టె వామి గోడకు మూరెడు దూరం జరిపి ఉంది, మనిషి ఒరిగి దూరేంత సందు. దాని వెనక చిన్న తలుపు. లోపలినుంచి గడియ.

సీమోను ఒకసారి భుజంతో గుద్దాడు. కదల్లేదు. జయరాం తన వంతుగా గుద్దాడు. పాత చెక్క విరిగి ఇద్దరూ కలిసి లోపలికి పడ్డారు. పెరటి వెలుతురు వాళ్ల మీదుగా గదిలోకి పడింది.

ఇనుప మంచం. మంచం మీద కట్టేసిన ముసలాయన. ఆయన మొహం మీద దిండు, దిండు మీద ఈరేష్ రెండు చేతులూ.

సీమోను వాణ్ణి మెడ పట్టి గోడకేసి కొట్టాడు. మల్లేశ్వరి దిండు లాగి పారేసి, నోటికి కట్టిన తుండుగుడ్డ విప్పి, నోట్లో కుక్కిన దూది ముద్ద వేళ్లతో బయటికి లాగింది. ఒక క్షణం ఏమీ లేదు. ఆ క్షణం ఎంత పొడుగుందో ఆమెకే తెలుసు. తర్వాత సిద్దప్ప గురక లాంటి చప్పుడుతో గాలి పీల్చుకున్నాడు.

తిమ్మక్క బోరుమంది. "సారూ! సారూ!" అంటూ మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది.

మంచం పక్కన స్టూలు మీద కాగితాలు, వాటి మీద కలం. సి.బెళగల్‌లోని సిద్దప్ప పొలాన్ని ఈరేష్ పేరుకు మార్చే కాగితాలు. సంతకం పెట్టాల్సిన చోట ఖాళీ. మంచం పొడుగునా కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాయి కానీ కుడి పాదం మాత్రం తాడులో మెలి తిరిగి, చర్మం లేచిపోయి, గోడవైపు చాచి ఉంది. బొటనవేలు ఇంకా గోడ మీద దేనికోసమో వెతుకుతోంది. మంచం పట్టిన ఇల్లాలికి అందేటట్టు కిందికి పెట్టించిన స్విచ్చు అక్కడుంది. దాని చుట్టూ సున్నం మీద ఎండిన నెత్తురు మరకలు.

"నేను రాలేదు మేడం," అంటున్నాడు ఈరేష్, మొహం గోడకు అణిగిపోయి. "నేను సోమవారం కైరుప్పలలోనే ఉన్న్యా, కావాలంటే..."

"సోమవారం ఉన్న్యావు. శనివారం రాత్రి యాడున్న్యావు? ఆరింటికి తీయల్లని నీకు సెప్పింది మీ మామ కాదా?" మల్లేశ్వరి వాడివైపు తిరిగి కూడా చూడలేదు. "కైరుప్పల నుంచి మోటారు సైకిలు మీద గంట పట్టదు. సార్, వీణ్ణి నా కళ్ల ముందునుంచి తీసుకపోండి."

సిద్దప్ప తల వెనక ఎండిన దెబ్బ ఉంది. పెదవులు పగిలిపోయాయి. తిమ్మక్క చెంబుతో నీళ్లు తెచ్చి కొంగు తడిపి ఒక్కో చుక్కే పిండింది. ఆయన తాగాడు. కళ్లు తెరిచి గదంతా వెతికాడు. ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఎవరికోసమో చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

"ఉమేరు..." అన్నాడు. "ఉమేరు రాలేదా?"

తిమ్మక్క ఇంకో చుక్క పిండింది.

"దినానికి గుక్కెడు నీళ్లు పోసి, సంతకం పెట్టేదాకా ఇంగ ఇయ్యనన్న్యాడు వీడు. పెట్టలే." ఒక్కో మాటకూ ఆగుతున్నాడు. "వీడు దీపమార్పి పోయేటోడు. నేను మళ్ల వెలిగిస్తాంటి. వీడు తానే మరిసిపోయినా అనుకుంటాండె... చీకటి ఉంటే పాచి సస్తాదని ఉమేరు సెప్పినాడు. వెలుతురుంటే సావదు కదా. బుధవారం దుప్పటి తీసి ఈ అద్దం సూస్తే... పాచి ఏంటికి సావలేదని వాడు అడుగుతాడు. ఇంగెవురూ అడగరు. వాడొక్కడే అడుగుతాడు."

మల్లేశ్వరి ఆయన చేతి కట్లు విప్పసాగింది. ఒక మనిషి నోరు లేక, చెయ్యి లేక, కాలి బొటనవేలితో నాలుగు రోజులుగా రాసిన ఉత్తరం అది. దాన్ని చదవగలిగినవాడు ఊరు మొత్తానికి ఒక్కడు.

"వాడు యాడున్న్యాడు?" సిద్దప్ప అడిగాడు. ఆయన కళ్లు జయరాం యూనిఫాం మీద ఆగాయి. "ఈ పొద్దు బుధవారమే కదా సార్?"

జయరాం మంచం దగ్గరికి వచ్చాడు. "బుధవారమే. ఉమేర్... స్టేషన్లో ఉన్నాడండీ. లాకప్పులో. మిమ్మల్ని చంపాడని నేనే పెట్టాను."

ముసలాయనకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన కోప్పడలేదు. పిల్లవాడు లెక్క అడిగినట్టు అడిగాడు.

"అయితే ఆరింటికి ఎవురు తీస్తాండిరి?"

జయరాం తలెత్తలేదు. గోడ కన్నంలోంచి, పచ్చటి పాచి వెనకనుంచి, వంగిన మొక్కలు సిద్దప్ప మంచం వైపే చూస్తున్నాయి.

మల్లేశ్వరి గడియారం చూసింది. మూడూ పదిహేను. జయరాం జేబులోంచి ఫోను తీసి స్టేషనుకు కలిపాడు.

"ఉమేర్‌ను బయటికి తీయండి," అన్నాడు. "కాదు, కోర్టుకు కాదు. ఇక్కడికి. ముందు అంబులెన్సును పంపండి. ఆ తర్వాత వాణ్ణి జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకురండి. ఆరింటికి వాడికి ఇక్కడ పనుంది."